కష్టానికి కాగితం

ఎంట్రన్సు ఫలితాలొచ్చే రోజుల్లో మా ఖమ్మం జిల్లా టాబ్లాయిడ్లు తిరగేస్తే ఒక రకం వార్త తప్పకుండా కనిపిస్తుంది. మట్టిలో మాణిక్యం, పేదింట విద్యాకుసుమం... హెడ్డింగు ఏదైనా లోపల సరుకు ఒకటే. రేకుల ఇల్లు, కూలికెళ్ళే అమ్మ, వీధి దీపం కింద చదువు, చివర్లో ర్యాంకు. వీటిల్లో చాలామటుకు నిజాలే, కాదనను. కానీ ఐదెకరాల మాగాణి ఉన్న రైతు పేపర్లోకి ఎక్కేసరికి నిరుపేద కూలీ అయిపోవడం కూడా చూశాను. పాపం ఆ పిల్లాడు అబద్ధమేమీ చెప్పలేదు. రాసేవాళ్ళకి అలా కావాలంతే. కష్టం లేని ర్యాంకు వార్త కాదు కదా :)

పేపరు వరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. సీటే ఆ కష్టం మీద ఆధారపడి ఉంటే? అప్పుడు ఉన్న కష్టాన్ని కాస్త పెంచాలనీ, లేని కష్టాన్ని పుట్టించాలనీ బుద్ధి పుడుతుంది. ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు.

అమెరికా సంగతే చూడండి. అక్కడ పెద్ద యూనివర్సిటీలో డిగ్రీ సీటు కావాలంటే మార్కులతో పాటు సొంత వ్యాసం ఒకటి రాయాలి. చాలా కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్‌లో దానికి 650 పదాల హద్దు. నువ్వెవరివి, ఏమేం దాటుకుని ఇక్కడిదాకా వచ్చావు అన్నది అందులో చెప్పుకోవాలి. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో, జాతిని చూసి అడ్మిషన్లు ఇవ్వడం కుదరదంది. అయితే జాతి వల్ల తన జీవితంలో ఏం ఎదురైందో అభ్యర్థి రాసుకుంటే దాన్ని పరిశీలించొచ్చని కూడా అంది. దాంతో ఆ వ్యాసం బరువు ఇంకా పెరిగింది.

లూసియానాలో టీ.ఎం. లాండ్రీ అని ఒక చిన్న ప్రైవేటు బడి. నల్లజాతి పిల్లల్ని హార్వర్డ్, యేల్ లాంటి చోట్లకి పంపిస్తోందని దానికి తెగ పేరొచ్చింది. 2018లో న్యూయార్క్ టైమ్స్ కూపీ లాగితే మార్కుల లిస్టులు దిద్దడం, లేని కష్టాలు కల్పించి అప్లికేషన్లు నింపడం బయటపడ్డాయి. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో మన దేశపు కుర్రాడొకడు పట్టుబడ్డాడు. స్కాలర్‌షిప్ కోసం బతికున్న తండ్రిని చంపేశాడు, కాగితం మీద! తన తెలివితేటల్ని పేరు చెప్పకుండా ఇంటర్నెట్‌లో గొప్పగా రాసుకుని దొరికిపోయాడు. నేరం ఒప్పుకుని ఇండియాకి తిరిగొచ్చేశాడు.

మన ఎంసెట్‌కీ జేఈఈకీ వ్యాసాలు లేవు కాబట్టి ఈ గోల మనకి లేదు అనుకుంటే పొరపాటే. వ్యాసం బదులు మనకి సర్టిఫికెట్ ఉంది. అక్కడ కష్టాన్ని రాసి చూపిస్తారు, ఇక్కడ దానికి ముద్ర వేయించుకొస్తారు. తేడా అంతే.

అన్ని సర్టిఫికెట్లూ ఒకటి కావు, ఈ మాట మొదటే చెప్పాలి. ఆదాయం సర్టిఫికెట్ అంటే ఒక ఇంటి పరిస్థితి. ఎస్టీ సర్టిఫికెట్ అలా కాదు. అది పేదరికానికి రుజువు కాదు, ఒక సమూహానికి జరిగిన చరిత్రకి గుర్తు. కాబట్టి దొంగ ఎస్టీ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు తన కష్టాన్ని పెంచి చెప్పుకోవట్లేదు. ఇంకొకళ్ళ తాతముత్తాతలు పడ్డ కష్టాన్ని తన పేరు మీద రాయించుకుంటున్నాడు. లీహై కుర్రాడు కనీసం సొంత తండ్రినే చంపుకున్నాడు, ఇతను వేరేవాళ్ళ తాతని ఎత్తుకొచ్చాడు.

ఎవరి తాతని? ఇక్కడ కాస్త చరిత్రలోకి వెళ్ళాలి, అదీ మా గోదారి ఒడ్డు చరిత్ర.

ఇప్పుడు భద్రాచలం బ్రిడ్జి మీద బస్సులో ఐదు నిమిషాల్లో దాటేస్తాం గానీ ఆ గోదారి చాలాకాలం రెండు ప్రభుత్వాల మధ్య గీత. ఇవతల పాల్వంచ, బూర్గంపాడు వైపు నిజాం రాజ్యం. అవతల భద్రాచలం వైపు 1860లో నిజాం ఇంగ్లీషువాళ్ళకి వదులుకున్న భూమి. అది కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలోకి వచ్చింది. తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకి మారింది 1959లో. ఒడ్లు రెండైనా అడవి ఒకటే, అందులో ఉండే కోయలూ కొండరెడ్లూ ఒకటే. కాకపోతే రాసుకునే గుమాస్తాలు వేరు. అందుకే ఎస్టీ జాబితాలో ఇప్పటికీ "హిల్ రెడ్డి" అని ఒక పద్దు, "కొండరెడ్డి" అని ఇంకో పద్దు ఉంటాయి. మొదటిది హైదరాబాద్ రాష్ట్రం జాబితాలోంచి, రెండోది మద్రాసు జాబితాలోంచి వచ్చినవి.

ఈ కొండరెడ్ల గురించి మొదటి పెద్ద పుస్తకం రాసినాయన ఆస్ట్రియా దేశస్థుడు, క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండడంతో ఆయన బ్రిటిష్ ఇండియాకి శత్రుదేశం మనిషి కింద లెక్క. నిజాం రాజ్యంలో మాత్రం ఉండనిచ్చారు. అలా 1940ల మొదట్లో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో "ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్" అచ్చు వేయించాడు. కొండవాలులో పోడు కొట్టుకునేవాళ్ళు, జీలుగు కల్లు మీద నెలల తరబడి బతికేవాళ్ళు, వెదురు కలప కంట్రాక్టర్ల దగ్గర అప్పుల్లో చిక్కుకుని తీరనంత చాకిరీ చేసేవాళ్ళు... ఇదీ ఆయన చూసిన కొండరెడ్డి. ఈ తెగని ప్రభుత్వం తర్వాత ప్రత్యేకంగా వెనకబడిన ఆదిమ తెగల్లో చేర్చింది (ఇప్పుడు పీవీటీజీ అంటున్నారు).

ఇక మైదానం వైపు రండి. ఇక్కడ రెడ్లున్నారు, కాపులున్నారు. భూములు, కంట్రాక్టులు, రాజకీయాలు ఎవరి చేతిలో ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. మన్యంలో కొండరెడ్డి, కొండకాపు అనే తెగలున్నాయి. పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో తేడా రెండక్షరాలు: కొండ. ఆ రెండక్షరాలు ఎవరైనా రాసిపెడితే చాలు, పట్నంలో మేడ ఉన్న ఇంట్లో పిల్లాడు పాపికొండల పోడు రైతు మనవడైపోతాడు. భాషలో జరిగిన ఈ చిన్న ప్రమాదం మీద పెద్ద బజారే నడిచింది.

ఈ బజారుకి తలుపు తెరుచుకున్నది 1977లో అనొచ్చు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, 1956 సవరణల ప్రకారం ఆంధ్ర ప్రాంతానికి ఒక జాబితా, తెలంగాణకి ఒక జాబితా ఉండేవి. ఒక ప్రాంతంలో ఎస్టీ అయినంత మాత్రాన ఇంకో ప్రాంతంలో కాదు. 1976 సవరణ చట్టం ఈ ఆంక్షల్ని చాలావరకు తీసేసి రాష్ట్రం మొత్తానికి ఒకే జాబితా చేసింది. 1977 జూలై 27 నుంచి అమల్లోకి వచ్చింది. ఆంక్ష తీసేయడానికి న్యాయమైన కారణమే ఉంది. పని కోసం పక్క జిల్లాకి వెళ్ళిన గిరిజనుడు అక్కడ గిరిజనుడు కాకుండా పోవడం అన్యాయమే కదా. కానీ అంతకుముందు ఎవరైనా కొండకాపు అని చెప్పుకుంటే "ఏ ఏజెన్సీ, ఏ ఊరు" అనే ప్రశ్న దానంతటదే వచ్చేది. తర్వాత ఆ ప్రశ్న బలహీనపడింది. (తెలంగాణ లంబాడాలు ఎస్టీలయింది కూడా ఈ చట్టంతోనే. దాని మీద ఆదివాసీలకి అభ్యంతరాలున్నాయి, 2017లో పెద్ద ఆందోళనే జరిగింది. కానీ అది చట్టం ఇచ్చిన హోదా మీద తగువు. దొంగ సర్టిఫికెట్ల సంగతి వేరు. రెండూ కలిపి మాట్లాడకూడదు.)

ఒక సీటు పోతే ఏమైంది అనేవాళ్ళకి లెక్క చెప్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీల వాటా 6 శాతం. తెలంగాణ 2022లో దాన్ని 10 చేసింది. 6 శాతం అంటే వంద సీట్ల మెడికల్ కాలేజీలో ఆరు సీట్లు. అందులో ఒకటి దొంగ కాగితం మీద పోతే నూటికి ఒకటి పోయినట్టు కాదు, ఆరింట్లో ఒకటి పోయినట్టు. ఏ చర్ల నుంచో వాజేడు నుంచో వచ్చి డాక్టరయి మళ్ళీ అటే వెళ్ళే మనిషి ఒకరు తగ్గినట్టు.

కోర్టులకి ఇది అర్థమవడానికి టైం పట్టింది. 1993లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, 1993లో 16వ నంబరు చట్టం. తప్పుడు కులధ్రువీకరణ పత్రాన్ని కలెక్టరు రద్దు చేయొచ్చు, తను ఫలానా తెగ అని నిరూపించుకునే భారం ఆ చెప్పుకున్న మనిషిదే. ఆ తర్వాత 1994 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో మాధురీ పాటిల్ కేసు తీర్పు వచ్చింది. మహారాష్ట్రలో మెడిసిన్ సీటు కోసం మహాదేవ కోలీ అనే గిరిజన తెగ సర్టిఫికెట్ తెచ్చుకున్న అక్కచెల్లెళ్ళ కేసది. తీర్పు రాసింది ఆంధ్ర హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ కె. రామస్వామి. మరుసటి ఏడాది మన రాష్ట్రం నుంచే కొండకాపు సర్టిఫికెట్ కేసు ఒకటి ఆయన ముందుకొచ్చింది. గిరిజన సంక్షేమ డైరెక్టరు పెట్టుకున్న అప్పీలది. అందులో కూడా అవే నిబంధనలు పాటించాలని చెప్పి, దేశమంతటికీ ఒకే చట్టం చేస్తే బాగుంటుందని కేంద్రానికి సూచించారు. ఏజెన్సీ భూముల్ని మైనింగు లీజుల నుంచి కాపాడిన 1997 సమత తీర్పు కూడా ఈ రామస్వామి గారిదే. అంటే గిరిజనుల భూమిని ఎవరు ఎత్తుకుపోతున్నారో, వాళ్ళ పేరుని ఎవరు ఎత్తుకుపోతున్నారో రెండూ ఒకే మనిషి చూశారన్నమాట.

దొరికాక ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. 2000లో మిలింద్ కేసులో, ఎప్పుడో 1985లో ఎంబీబీఎస్ సీటు తీసుకుని చదువు పూర్తి చేసేసిన అతని డిగ్రీని కోర్టు రద్దు చేయలేదు. ఎస్టీగా ఇక ముందు ఏ లాభమూ పొందకూడదు అని సరిపెట్టింది. పదిహేనేళ్ళు కోర్టుల్లో లాగగలిగితే డిగ్రీ మనదే అని జనం అర్థం చేసుకుంటే తప్పెవరిది? 2017లో బహీరా కేసు తీర్పుతో ఈ మెతకతనం పోయింది. సర్టిఫికెట్ తప్పని తేలితే సీటైనా ఉద్యోగమైనా పోవాల్సిందే అంది కోర్టు.

ఇంతవరకు దొంగల కథ. నాకు అసలు బాధ కలిగించేది దీని తర్వాత భాగం.

దొంగల్ని పట్టడానికి మాధురీ పాటిల్ తీర్పు ఒక పద్ధతి పెట్టింది. స్క్రూటినీ కమిటీ ఉంటుంది, దానికో విజిలెన్సు విభాగం. వాళ్ళు ఊరెళ్ళి బడి రికార్డులు చూడాలి. దాంతో పాటు ఆ కుటుంబాన్ని వాళ్ళ దేవతలెవరు, పెళ్ళెలా చేస్తారు, చావుకి ఏ తంతు, శవాన్ని ఎలా సాగనంపుతారు అని అడగాలి. దీన్ని అఫినిటీ టెస్టు అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆలోచించండి. ఆరేళ్ళప్పుడు ఆశ్రమ పాఠశాలలో చేరి, హాస్టల్లోనే పెరిగి, తర్వాత గురుకులంలో ఇంటర్ చదివిన కోయ పిల్లాడికి భూమి పండుగ తంతు వరుసగా చెప్పడం వస్తుందా? ఆ హాస్టల్లో పెట్టింది ప్రభుత్వమే. ఇంకోపక్క డబ్బున్న దొంగకి హైమెన్‌డార్ఫ్ పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది. ఒక వారం కూర్చుని చదివితే కొండరెడ్ల మామిడి పండుగ గురించి కొండరెడ్డి కుర్రాడి కంటే బాగా చెప్తాడు. చివరికి 2023 మార్చిలో సుప్రీంకోర్టే ఒప్పుకుంది, అఫినిటీ టెస్టు గీటురాయి కాదు, అదొక్కటే పట్టుకుని తేల్చకూడదు అని.

దీనికి మూలం ఇంకా వెనకే ఉంది. ఏ తెగని ఎస్టీ అనాలి అన్నదానికి 1965లో లోకూర్ కమిటీ చెప్పిన ఐదు లక్షణాల్లో ఒకటి, బయటి జనంతో కలవడానికి బిడియం. బాగుంది. బిడియం ఉన్నందుకే హోదా ఇస్తాం, కానీ ఆ హోదా కాగితం కావాలంటే మాత్రం బిడియం వదిలేసి ఆఫీసుల చుట్టూ తిరగాలి. అబద్ధాలు ఎక్కువైన కొన్ని పేర్ల విషయంలో (కొండరెడ్డి, కొండకాపు, మన్నెదొర లాంటివి) తహసీల్దారు సంతకం సరిపోదు, ఆర్డీవో దాకా వెళ్ళాలి అని 1997 రూల్సు పెట్టారు. అంటే మైదానంలో ఎవడో ఆ పేరు దొంగిలించినందుకు కొండ మీదున్న అసలు కొండరెడ్డికి ఇంకో ఆఫీసు, ఇంకో బస్సు, ఇంకో రోజు కూలి నష్టం.

మా పనిలో కాప్చా అని ఒకటుంటుంది. నువ్వు రోబోట్ కాదని నిరూపించుకో అంటూ వంకర అక్షరాలు చూపిస్తుంది. బాట్లు రాసేవాళ్ళు దాన్ని దాటే ప్రోగ్రాములు రాసేసుకుంటారు. కళ్ళజోడు సవరించుకుంటూ నాలుగుసార్లు తప్పు కొట్టేది మన నాన్నలూ తాతలూ. దొంగ కోసం పెట్టిన తాళం ఇంట్లోవాళ్ళని బయట నిలబెట్టడం ఇది. సర్టిఫికెట్ల విషయంలో జరిగింది అచ్చం ఇదే.

ఇందులో అందరికంటే చివర నిలబడ్డవాళ్ళు గుత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు తగలబడి వేలమంది సరిహద్దు దాటి మా ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. సల్వాజుడుం పేరుతో నడిచిన ఆ వ్యవహారం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ వచ్చినవాళ్ళలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. వీళ్ళది కోయ భాషే. తెలంగాణ జాబితాలో కోయ పద్దు కింద గుట్ట కోయ అనే పేరు కూడా ఉంది. అయినా ఇక్కడ ఎస్టీ హోదా లేదు. ఎందుకంటే ఆ హోదా రాష్ట్రం గీత దాటి రాదు. ఆ సూత్రం ఖాయం చేసిన 1990 నాటి కేసు కూడా ఒక తెలుగు కుర్రాడిదే, మర్రి చంద్రశేఖరరావు కేసు. తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్ళిన కుటుంబం. ఆంధ్రలో ఎస్టీ అయినా మహారాష్ట్రలో మెడిసిన్ సీటుకి ఆ హోదా పనికిరాదు అని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఉద్యోగం కోసం వెళ్ళినవాడికీ, ఇల్లు తగలబడితే పారిపోయి వచ్చినవాడికీ ఒకటే రూలు.

650 పదాల వ్యాసం రాయమంటే ఈ గుత్తికోయ పిల్లలకున్నంత సరుకు ఎవరి దగ్గరుంటుంది చెప్పండి? ఒక్క ముక్క కల్పించక్కర్లేదు. కానీ వాళ్ళని ఎవరూ వ్యాసం అడగరు, కాగితం అడుగుతారు. అదే వాళ్ళ దగ్గర లేనిది.

"రిజర్వేషన్లే తప్పు, కాబట్టి అందులో మోసం మోసం కాదు" అని వాదించేవాళ్ళని ఆఫీసు క్యాంటీన్లో చాలామందినే విన్నాను. రిజర్వేషన్లు తప్పనుకుంటే వాటిని వద్దనే హక్కు ఎవరికైనా ఉంది. కానీ వద్దంటూనే దొంగదారిన తీసుకోవడం సిద్ధాంతం కాదు. పైగా దొంగ సర్టిఫికెట్ వల్ల ఓపెన్ కేటగిరీ వాళ్ళకి ఒరిగేదీ లేదు, పోయేది కొండ మీది పిల్లాడి సీటు ఒక్కటే. ఇంకొందరు "అందరూ చేస్తున్నారు" అంటారు. అందరూ చేయట్లేదు. చేసేవాళ్ళ కంటే ఆ వరసలో నిజాయితీగా నిలబడ్డవాళ్ళే ఎక్కువ. అందుకే ఆ కాగితానికి ఇంకా విలువుంది, విలువుంది కాబట్టే దొంగిలిస్తున్నారు.

మరేం చేయాలి? నాకు తోచింది చెప్తాను. ఏజెన్సీలో ప్రతి పిల్లాడి పేరూ అంగన్‌వాడీ నుంచి ఆశ్రమ పాఠశాల దాకా ఏదో ఒక రిజిస్టరులో ఉంటుంది. భద్రాచలం ఐటీడీఏ నడిపే బళ్ళలోనే వేలమంది ఉన్నారు. సర్టిఫికెట్ కోసం వాళ్ళు ఆఫీసుకి రావడం కాకుండా ఆఫీసే బడికి వెళ్ళి, ఎంట్రన్సు తొందర లేని ఏడో ఎనిమిదో తరగతిలోనే ఇచ్చేయాలి. గట్టి విచారణ ఏజెన్సీ రికార్డుల్లో ఎక్కడా జాడ లేకుండా ఇంటర్ అయ్యాక హఠాత్తుగా కొండపేరుతో ప్రత్యక్షమయ్యేవాళ్ళ మీద పెట్టాలి. సంతకం పెట్టిన అధికారిని కూడా శిక్షించొచ్చని 1993 చట్టంలోనే ఉంది, దాన్ని వాడాలి. కొనేవాడు ఒక్కడే దొంగ, అమ్మేవాడు దొర అయితే బజారు మూతపడదు. గుత్తికోయల లాంటి వాళ్ళకి మాత్రం కోర్టులు చేయగలిగింది తక్కువ, పార్లమెంటే ఏదో ఒకటి చేయాలి.

అమెరికా వ్యాసమైనా మన సర్టిఫికెట్ అయినా పుట్టింది మంచి ఉద్దేశంతోనే. మార్కుల వెనకాల మనిషి ఎంత దూరం నుంచి నడిచొచ్చాడో చూద్దాం అని. దొంగ కథ చెప్పినవాడు ఒక సీటు తీసుకుని వెళ్ళిపోతాడు, కొన్నేళ్ళకి అందరూ మర్చిపోతారు కూడా. కానీ వాడి తర్వాత వచ్చిన ప్రతివాడినీ "నువ్వు చెప్పేది నిజమేనా?" అని అడగడం మొదలవుతుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకుంటూ నిలబడేది, అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేని పిల్లలు.